నెల్లూరా, ఒంగోలా? శివరాత్రికీ ఉగాదికీ మధ్య ప్రయాణం పెట్టుకునేవారికి

ఫిబ్రవరి ఆఖరి వారంలో గానీ మార్చి మూడో వారంలో గానీ ఐదు రోజులు సెలవు దొరుకుతుందని, బెంగళూరు నుంచి కారులో వస్తామని, వెంట డెబ్బై దాటిన అమ్మానాన్నలు, ఎనిమిదేళ్ల పాప ఉంటారని రాశారు. నెల్లూరు, ఒంగోలు రెండింటిలో ఏది చల్లగా ఉంటుంది, ఎక్కడ బస చేస్తే పెద్దవాళ్లకు సుఖం అన్నది మీ ప్రశ్న. నెల్లూరులో యాత్రికులకు వాహనాలు కుదిర్చే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. పెద్దవాళ్లను తీసుకుని వచ్చే కుటుంబాలే నా దగ్గరికి ఎక్కువ కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ముందు జవాబు. రెండు తేదీల్లో ఫిబ్రవరిని ఖాయం చేసుకోండి. బస నెల్లూరులో పెట్టుకోండి. అయితే నెల్లూరు చల్లగా ఉంటుందని కాదు. నిజానికి మార్చిలో నెల్లూరే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ వేడి. ఆ కాస్త తేడా మీ ప్రయాణాన్ని మార్చదు. మార్చేవి రెండే: సముద్రానికి మీరు ఎంత దూరంలో ఉన్నారు, ఏ గంటకు ఎండలో ఉన్నారు. ఈ రెండింటినీ పట్టుకుంటే ఏ ఊళ్లో దిగినా పెద్దవాళ్లు హాయిగా తిరుగుతారు. వీటిని వదిలేస్తే చల్లటి ఊరంటూ ఇక్కడ ఏదీ దొరకదు.

రెండు ఊళ్లకూ మధ్య జాతీయ రహదారి మీద 120 కిలోమీటర్ల దూరం. రెండూ ఒకే తీరంలో, సముద్రానికి పదిహేను, ఇరవై కిలోమీటర్ల లోపలగా ఉన్నాయి. ఒంగోలు ఒక అక్షాంశం ఉత్తరాన ఉంది, అంతే. ఫిబ్రవరిలో రెండు చోట్లా పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత 31–33 డిగ్రీల మధ్య, రాత్రి కనిష్ఠం 21 దరిదాపుల్లో ఉంటుంది. మార్చికి పగలు 33–36కు, రాత్రి 23కు చేరుతుంది. వాన ఈ రెండు నెలల్లో దాదాపు ఉండదు. మా నెల్లూరుకు వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. ఒంగోలు ఉన్న ప్రకాశం జిల్లాకు నైరుతి, ఈశాన్యం రెండూ కొద్దికొద్దిగా పంచుతాయి. తుపాను భయం కూడా ఈ నెలల్లో పెట్టుకోనక్కరలేదు. కాబట్టి గొడుగు ఎండకే తెచ్చుకోండి.

ఇప్పుడు బెంగళూరువాళ్లు తరచూ పొరబడే ఒక సంగతి. మార్చిలో మీ ఊళ్లోనూ పగలు 32, 33 డిగ్రీలు ఉంటుంది. ఫోనులో ఒంగోలు ఉష్ణోగ్రత చూసి ‘మా ఊరంతేగా’ అనుకుంటారు. అంకె ఒకటే, ఒంటికి తగిలేది వేరు. బెంగళూరు గాలి ఆ నెలలో పొడిగా ఉంటుంది, చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది, ఒళ్లు చల్లబడుతుంది. ఇక్కడి గాలిలో సముద్రపు తేమ ఉంటుంది. చెమట ఆరదు, కారుతుంది. పైగా మీకు రాత్రి 19కి దిగి నిద్రపట్టే వేళకు చల్లగా అవుతుంది. మాకు మార్చి రాత్రుల్లో 23, 24 దగ్గరే ఆగిపోతుంది, దానికి ఉక్కపోత తోడు. పెద్దవాళ్లను అలసటకు గురిచేసేది పగటి ఎండ ఒక్కటే కాదు, రాత్రి సరిగా నిద్రపట్టకపోవడం కూడా. వాతావరణ శాఖ కూడా ఈ తేడాను లెక్కలోకి తీసుకుంటుంది. వడగాలులు ప్రకటించడానికి మైదాన ప్రాంతాల్లో కనీసం 40 డిగ్రీలు చూస్తే, తీర ప్రాంతాల్లో 37 నుంచే చూస్తుంది. అందుకే ఫోనులో ఒక్క గరిష్ఠ ఉష్ణోగ్రత చూసి ఊరుకోకండి. గాలిలో తేమ శాతం, రాత్రి కనిష్ఠం కూడా చూడండి. మరొకటి, ఆ ఉష్ణోగ్రత నీడలో, గాలి ఆడే పెట్టెలో ఉంచిన ఉష్ణమాపకంతో కొలిచినది. గుడి ప్రాకారంలో రాతి బండల మీద చెప్పులు లేకుండా నడిచే అమ్మగారి పాదాలకు అది వర్తించదు.

ఇక సముద్రపు గాలి. ఈ తీరంలో ఫిబ్రవరి, మార్చి నెలలను భరించదగినవిగా చేసేది అదే. ఉదయం ఎనిమిది, తొమ్మిది దాకా గాలి ఆడదు, ఆకు కదలదు. ఎండ ఎక్కి నేల వేడెక్కాక సముద్రం మీది గాలి లోపలికి మళ్లుతుంది. నెల్లూరు దగ్గరి మైపాడు, ఒంగోలు దగ్గరి కొత్తపట్నం ఒడ్డున పదకొండు, పన్నెండు గంటలకే అది మొదలవుతుంది. ఊళ్లలోకి వచ్చేసరికి ఒంటిగంట, రెండు అవుతుంది. అది రాగానే ఉష్ణోగ్రత పెరగడం ఆగుతుంది, కొన్నిసార్లు తగ్గుతుంది కూడా. కనుక తీరంలో అసలు కష్టమైన సమయం పదకొండు నుంచి రెండు వరకు. సాయంత్రం నాలుగున్నర తర్వాత డాబా మీద కూర్చుంటే ఫ్యాను గుర్తుకు రాదు. ఏప్రిల్ దాటాక పడమటి గాలి బలంగా వీచిన రోజున ఈ సముద్రపు గాలి లోపలికి రాలేకపోతుంది, అప్పుడు నెల్లూరు మండిపోతుంది. మీరు వచ్చే నాటికి అలాంటి రోజులు అరుదు. గాలి చల్లగా ఉంది కదా అని ఒడ్డున మధ్యాహ్నం పాపను ఆడనివ్వకండి. గాలి వేడిని దాచిపెడుతుంది కానీ ఎండ తీక్షణత తగ్గదు, సాయంత్రానికి ముఖం కందిపోయి ఉంటుంది.

ఈ గాలి అందని చోటు పడమటి వైపు. అసలు తేడా చూడాలంటే నెల్లూరును ఒంగోలుతో పోల్చవద్దు. ఒంగోలును మార్కాపురంతో, నెల్లూరును ఉదయగిరితో పోల్చండి. పొదిలి, కనిగిరి, మార్కాపురం, కంభం, ఇటు ఉదయగిరి, సీతారాంపురం: ఇవన్నీ నల్లమల, వెలిగొండల నీడన ఉన్న మెట్ట ప్రాంతాలు. ఫిబ్రవరిలో అక్కడ తెల్లవారుజామున శాలువా కావాలి. గాలి పొడిగా ఉంటుంది కాబట్టి మీకు బెంగళూరు గుర్తుకొస్తుంది. అదే మార్చి మూడో వారానికి మధ్యాహ్నం ఎండ తీరంకన్నా మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ ఉంటుంది, ఆదుకోవడానికి సముద్రపు గాలి రాదు. అడవిలో మోదుగులు ఎర్రగా పూసి చూడముచ్చటగా ఉంటాయి, మిగతా చెట్లు చాలావరకు ఆకు రాల్చి ఉంటాయి. నీడ దొరకదు. ఆ ఊళ్లను చూడాలని ఉంటే ఫిబ్రవరిలోనే చూడాలి, ఉదయమే చూడాలి.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని మనవాళ్లు అంటారు. మాట నిజమే, కానీ దాన్ని పట్టుకుని తేదీ నిర్ణయించకండి. శివరాత్రి 2025లో ఫిబ్రవరి 26న వచ్చింది, 2026లో ఫిబ్రవరి 15న, 2027లో మార్చి 6న వస్తుంది. చాంద్రమానం ముందుకూ వెనక్కూ జరుగుతుంది, సూర్యుడు జరగడు. తీరంలో చలి అనేది ఉంటే గింటే సంక్రాంతి ముందువెనుకలే. నేను చూసే గుర్తు వేరు. మన బడులకు ఒంటిపూట బడులు మార్చి 15 ప్రాంతంలో మొదలవుతాయి. మధ్యాహ్నం పిల్లల్ని బడిలో ఉంచలేని ఎండ వచ్చిందని దాని అర్థం. ఆ తేదీకి ముందు వస్తే రోజుకు ఉదయం, సాయంత్రం రెండు పూటలూ మీ చేతిలో ఉంటాయి. తర్వాత వస్తే ఉదయం ఒక్కటే మీది, సాయంత్రం సగం మీది. మీ రెండో తేదీ సరిగ్గా ఆ గీతకు అవతల పడింది. అదీగాక మార్చిలో ఇంటర్, పదో తరగతి పరీక్షలు నడుస్తుంటాయి. మీకు బంధువులు ఉంటే వాళ్ల ఇళ్లలోనూ హడావిడే.

ఫిబ్రవరికి అనుకూలంగా ఇంకో బలమైన కారణం పక్షులు. మీ పాప కోసమైనా ఇది వదులుకోవద్దు. నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు (పెలికాన్లు) నీటి కడప చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని పెంచే కాలం అక్టోబరు నుంచి మార్చి వరకు. ఫిబ్రవరిలో పిల్లలు పెద్దవై, తల్లులు తెచ్చే చేపల కోసం అరుస్తూ, చెట్లన్నీ తెల్లగా నిండి ఉంటాయి. పులికాట్ సరస్సు, దేశంలో చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు, ఫ్లెమింగోలకు పేరు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు ఆ సరస్సు మధ్యగానే పోతుంది, కారు దిగకుండానే పెద్దవాళ్లు చూడవచ్చు. మార్చి సాగేకొద్దీ నీరు వెనక్కి తగ్గి, పక్షులు దూరంగా జరిగిపోయి, దగ్గర్లో పగిలిన బురద మిగులుతుంది. ఆ ప్రాంతం 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉంది కానీ నెల్లూరు నుంచి గంటన్నర, గంటా ముప్పావు ప్రయాణమే. మీకు ఇంకా వీలు: శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేటకు వస్తారు కదా, నేలపట్టు అక్కడికి చాలా దగ్గర. బెంగళూరులో తెల్లవారకముందే బయలుదేరితే నాయుడుపేటలో భోజనం చేసి, కాసేపు విశ్రాంతి తీసుకుని, నాలుగింటికి నేలపట్టులో ఉండవచ్చు. పక్షులు గూళ్లకు తిరిగి వచ్చే వేళ అది. ఫిబ్రవరి ఆఖర్లో సూర్యాస్తమయం ఆరుంబావు దాటాకే, తొందరేమీ ఉండదు. బైనాక్యులర్స్ ఉంటే తెచ్చుకోండి.

రెండో రోజు నెల్లూరులోనే. ఉదయం ఏడింటికల్లా పెన్న ఒడ్డున తల్పగిరి రంగనాథస్వామి ఆలయం. ఆ వేళకు రాతి బండలు చల్లగా ఉంటాయి. అక్కడి నుంచి జొన్నవాడ కామాక్షమ్మ దర్శనం చేసుకుని పదిన్నరకు గదికి చేరండి. చాలా గుళ్లు మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు కాబట్టి ఎండలో తిరిగినా దర్శనం దక్కదు. భోజనం, నిద్ర. నాలుగున్నరకు మైపాడు. పెద్దవాళ్లకు ఆ ఒడ్డున ఒక గంట కూర్చోవడం మందులాంటిది. కానీ ఆ సముద్రం లోపలికి లాగుతుంది. అలలు చిన్నవిగా కనబడినా పాప చెయ్యి వదలవద్దు, మోకాలి లోతు దాటవద్దు. ఈ విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

మూడో రోజు పెంచలకోన పెట్టుకోండి. రాపూరు దాటాక వెలిగొండల కింద, చుట్టూ చెట్లతో ఉన్న చోటు. కొండ పైదాకా పెద్దవాళ్లు ఎక్కనక్కరలేదు, నరసింహస్వామి ఆలయం కిందే ఉంది. ఆరున్నరకు బయలుదేరితే ఎండ ముదిరేలోపు దర్శనం అయిపోతుంది. ఉదయగిరి కోట గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. శ్రీకృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి 1514లో గెలుచుకున్న కోట అది. ఎందుకు అన్ని నెలలు పట్టిందో ఆ కొండ చూడగానే అర్థమవుతుంది. మీరొక్కరే ఫిబ్రవరి తెల్లవారుజామున ఎక్కితే మరిచిపోలేరు. అమ్మానాన్నలతో, పాపతో మాత్రం వద్దు, ఏ నెలలోనూ వద్దు. కింద నుంచి చూసి ముందుకు సాగండి.

భైరవకోన 2025 ఆఖరు దాకా ప్రకాశం జిల్లాలో ఉండేది (ఇప్పుడు మార్కాపురం జిల్లా) కాబట్టి ఒంగోలులో దిగాలని అనుకుంటున్నట్టున్నారు. అక్కరలేదు. అది రెండు జిల్లాల సరిహద్దు కొండల్లో ఉంది, నెల్లూరు నుంచి ఉదయగిరి, సీతారాంపురం మీదుగా వెళ్లవచ్చు. కొండను తొలిచి చెక్కిన ఆ గుహాలయాలు ఎనిమిది. గుహల ముందు కొండ నీడ పడుతుంది కాబట్టి మిగతా చోట్లకన్నా నయం. జలపాతం కోసం మాత్రం ఆశ పెట్టుకోకండి. వానల తర్వాత దూకే నీరు ఫిబ్రవరికి సన్నబడుతుంది, మార్చిలో కొన్నేళ్లు తడి మాత్రమే మిగులుతుంది. శివరాత్రి రోజున జనం విపరీతంగా వస్తారు, పెద్దవాళ్లతో ఆ ఒక్క రోజు తప్పించండి. ఇది పూర్తి రోజు ప్రయాణం. నాలుగో రోజుకు పెట్టుకుని, ఉదయం ఆరుకే కదలండి. కనిగిరి, ఉదయగిరి వైపు వెళ్లే రోజున తాగే నీళ్లు నెల్లూరు నుంచే నింపుకోండి. కనిగిరి ప్రాంతపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ.

మాలకొండ వెళ్లాలని అమ్మగారు కోరితే ఒక్క మాట: ఆ లక్ష్మీనరసింహస్వామి ఆలయం శనివారం మాత్రమే తెరుస్తారు. మీ ఐదు రోజుల్లో శనివారం ఎక్కడ పడుతుందో ముందే చూసి, ఆ రోజు మిగతావి సర్దుకోండి. జనం ఎక్కువ, రాయి ఎక్కువ, కాబట్టి తెల్లవారేసరికి కొండ దగ్గర ఉండాలి.

ఒంగోలు ఎప్పుడు మేలు? మార్కాపురం చెన్నకేశవస్వామి గుడి, కంభం చెరువు మీ జాబితాలో తప్పనిసరి అయితే. గుండ్లకమ్మకు కొండల మధ్య విజయనగర కాలంలో కట్ట వేసి నిలిపిన చెరువు అది. కట్ట మీద నిలబడితే ఇది చెరువా సరస్సా అనిపిస్తుంది. ఒంగోలు నుంచి మార్కాపురమే వంద కిలోమీటర్ల దరిదాపు, కంభం ఇంకా అవతల. కాబట్టి ఒంగోలులో రెండు రాత్రులు ఉండి, ఒక పూర్తి రోజు పడమటికి, మరో సాయంత్రం కొత్తపట్నం ఒడ్డుకు ఇవ్వాలి. వీటికి నేలపట్టును కూడా జోడించి ఐదు రోజుల్లో కుక్కితే నాన్నగారు కారులోనే అలసిపోతారు. నేనైతే ఈసారికి కంభం పక్కన పెట్టి, ఏ నవంబరులోనో వాన పడ్డాక నిండిన చెరువు చూడమంటాను.

ఇంట్లో ఎవరికైనా ఆయాసం ఉంటే ఇది కూడా లెక్కలోకి తీసుకోండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒంగోలు, టంగుటూరు, కొండపి వైపు పొగాకు క్యూరింగ్, మిరప కళ్లాలు నడుస్తుంటాయి. పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే కొట్ల (బ్యారన్ల) పక్క నుంచి పోయేటప్పుడు ఘాటు తగులుతుంది. నెల్లూరులో మార్చి వచ్చేసరికి వరి కోతలు. యంత్రాలు చేలల్లో తిరిగి నూగు, దుమ్ము లేపుతాయి, రోడ్డు మీద ధాన్యం ట్రాక్టర్లు. కారు అద్దాలు మూసుకుని వెళితే సరిపోతుంది, ఇన్‌హేలర్ మాత్రం పెట్టె అడుగున కాకుండా చేతి సంచిలో ఉండాలి. రక్తపోటుకు మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడుతుంటే, చెమట పట్టే ఊళ్లో ఐదు రోజులు ఉంటామని బయలుదేరే ముందే వైద్యుడికి చెప్పి అడగండి. మజ్జిగ, కొబ్బరి నీళ్లు దారి పొడవునా దొరుకుతాయి. దాహం వేసే దాకా పెద్దవాళ్లను ఆగనివ్వకండి.

గది విషయంలో: ఫిబ్రవరిలో ఫ్యాను చాలు అనిపించినా ఏసీ గదే తీసుకోండి, మధ్యాహ్నం నిద్ర కోసం. పడమటి గోడ ఎండకు కాగని గది అడగండి. నెల్లూరు దోమల సంగతి మీరు వినే ఉంటారు, కిటికీలకు జాలీ ఉందో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టండి. నూలు బట్టలు, ఉదయాలకు ఒక పలుచని శాలువా. ఫిబ్రవరిలో కొన్ని ఉదయాలు జాతీయ రహదారి మీద మంచు దట్టంగా పడుతుంది, లారీ వెనుక దీపాలు కూడా దగ్గరికి వచ్చేదాకా కనబడవు. అలాంటి రోజు పైన నేను చెప్పిన ఆరింటి లెక్క పక్కన పెట్టి, ఎండ పొడ కనబడ్డాకే కారు తీయండి.

ఫిబ్రవరి సెలవు దొరక్క మార్చి నెలే గతి అయితే పడమర మొత్తం తీసేయండి. భైరవకోన, ఉదయగిరి వద్దు. నేలపట్టు చూడవచ్చు, కొన్ని పక్షులు ఇంకా ఉంటాయి. గుళ్లన్నీ ఉదయం తొమ్మిదిలోపు ముగించండి, సాయంత్రాలు సముద్రానికి ఇవ్వండి. ఐదు రోజుల్ని మూడుకు కుదించినా నష్టం లేదు. ఆ నెలలో ఒక్క లాభం ఉంది: పుల్లమామిడి వచ్చేస్తుంది, చేపల పులుసులో ముక్కలు పడతాయి. నాన్నగారు చేపలు తింటారని రాశారు కాబట్టి చెబుతున్నాను, పొద్దున వండిన పులుసు రాత్రికి అడిగి వడ్డించుకోండి.